ఓటు వేరైతే ప్రభువు బల్ల కూడా వేరవ్వాలా?

ప్రశ్న: మాది చెన్నైలో పెరంబూరు వైపు ఒక చిన్న తెలుగు సంఘం. 60 కుటుంబాలు ఉంటాయి. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే ఎక్కువ. మావారూ, మా ఆడపడుచు భర్తా ఇద్దరూ సంఘ పెద్దలు. 2024 మేలో ఇద్దరూ మాధవరంలో ఒకే బస్సెక్కి ఊరెళ్ళి, చెరో పార్టీకి ఓటేసి, కలిసే తిరిగొచ్చారు. జూన్ 4న ఫలితాలు వస్తుండగా సంఘం వాట్సాప్ గ్రూపులో మావారు ‘మా బావ నోటు పుచ్చుకుని ఓటేశాడు’ అని పెట్టారు. ఆయన ‘ముందు మందిరం కట్టుబడి లెక్కలు చెప్పు’ అని జవాబిచ్చారు. ఆ రోజు నుంచీ మాటల్లేవు. అన్నయ్యగారు (ఆడపడుచు భర్త) ప్రతి నెలా మొదటి ఆదివారం జరిగే ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, రావడం మానేశారు. పిల్లల క్వయర్ రెండు ముక్కలైంది. పాస్టరుగారు ‘ఇకమీదట ఎవరూ రాజకీయాలు మాట్లాడొద్దు’ అన్నారు. మాట్లాడటం లేదు, కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమూ లేదు. కృప అంటే జరిగిందంతా మరిచిపోవడమేనా? నేనేం చేయగలను?
ఒక సహోదరి, చెన్నై

జవాబు: సహోదరీ, వందనాలు. మీ ఉత్తరంలో రెండు పార్టీల పేర్లూ ఉన్నాయి. వాటిని తీసేసి ఇక్కడ ఇచ్చాం. ఆ పేర్లు కనబడితే చదివేవాళ్ళు ముందు ఏదో ఒక పక్కన చేరి, తరవాతే మిగతాది చదువుతారు.

ముందు మీరు చివర అడిగినదానికి జవాబు. కృప అంటే మరిచిపోవడం కాదు. తప్పును ఫలానా తప్పని చెప్పి, ఆ బాకీ వసూలు చేయకుండా కొట్టేయడం కృప. అదేమిటో చెప్పకుండా పక్కకు తోసేస్తే అది దాటవేత. మీ సంఘంలో ఇప్పుడు నడుస్తున్నది అదే. పాస్టరుగారు మంట ఆర్పాలని మంచి మనసుతోనే ఆ కట్టడి పెట్టారు. కానీ దానివల్ల అభిప్రాయాలు ఆగాయి గానీ గాయం అలాగే ఉంది. మీవాళ్ళిద్దరూ వేరువేరు గుర్తుల మీద నొక్కి కూడా ఒకే బస్సులో కబుర్లు చెప్పుకుంటూ వచ్చినవాళ్ళు. తెగింది జూన్ 4న, రెండు వాక్యాల దగ్గర. కాబట్టి పని అక్కడ మొదలుపెట్టాలి.

ఒక కాగితం తీసుకుని ఆ రోజు అనుకున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఇది మీకోసమే, సాక్ష్యంగా ఎవరికీ చూపించడానికి కాదు. ఒక్కో మాట పక్కన అది అభిప్రాయమా, అవమానమా, ఆరోపణా అని గుర్తు పెట్టండి. ఈ మూడింటికీ మందు వేరు. మూడూ కలిపి ‘మీరిద్దరూ సర్దుకోండి’ అనడం వల్లే చాలా ఇళ్ళలో రాజీలు నెల తిరక్కుండా మళ్ళీ విరుగుతాయి.

ఏ పార్టీకి ఓటేశారన్నది అభిప్రాయం. దీనికి రోమా పత్రిక 14వ అధ్యాయం చూడండి. అక్కడ కొందరు మాంసం తినేవాళ్ళు, కొందరు కూరగాయలే తినేవాళ్ళు. కొందరికి ఒక దినం గొప్పది, కొందరికి అన్నీ సమానమే. పౌలు తన అభిప్రాయం దాచుకోలేదు, 14వ వచనంలో చెప్పేశాడు. అయినా రెండో పక్షాన్ని మార్చుకోమని ఒత్తిడి చేయకుండా ‘పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?’ అని అడిగాడు. ఓటుకు ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. ఈ మాట మీ ఇంట్లో గట్టిగా అనుకోవాలి. ఎందుకంటే క్షమాపణ చెబితే తన పార్టీ తప్పని ఒప్పుకున్నట్టవుతుందన్న భయమే మీవారిని ఇన్నాళ్ళూ కదలనివ్వకపోయి ఉండొచ్చు.

‘నోటు పుచ్చుకుని ఓటేశాడు’ అన్నది అవమానం. బావా బావమరుదులు ఇంట్లో ఇంతకంటే పెద్ద మాటలే అనుకుని నవ్వుకుంటారు. మన కుటుంబాల్లో ఆ వరసకు ఆ చనువు ఉంది. మీవారు ఆ అలవాటుతోనే పెట్టి ఉంటారు. కానీ ఆ చనువు ఆ ఇద్దరి మధ్యదే, 60 కుటుంబాల ముందు చెల్లదు. అక్కడున్నవాళ్ళలో ఆయన దగ్గర బాప్తిస్మం పాఠాలు నేర్చుకున్న పిల్లలుంటారు, ఆయన ప్రార్థన చేయించిన విధవరాళ్ళుంటారు. పైగా డబ్బు తీసుకుని ఓటేయడం చట్టం దృష్టిలో లంచం, ఏడాది దాకా జైలు శిక్ష ఉన్న నేరం. సంఘ పెద్దను పట్టుకుని అందరిముందు అమ్ముడుపోయాడన్నట్టయింది. మీవారికి అది పరాచికం, ఆయనకు అది పరువు. ముందు మీవారికి అర్థం కావలసింది ఇదే.

‘కట్టుబడి లెక్కలు’ ఆరోపణ. దీన్ని క్షమించడమూ పనికిరాదు, తిప్పికొట్టడమూ పనికిరాదు. లెక్కలు చూపించాలి, అంతే. యెరూషలేములోని పేదలకు చందా తీసుకెళ్ళేటప్పుడు పౌలు ఒంటరిగా వెళ్ళలేదు. తమమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని చెప్పి తోడు మనుషులను పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:20, 21). అపొస్తలుడికే అవసరమైంది మీవారికి చిన్నతనం కాదు. పాస్‌బుక్కు, క్యాష్‌బుక్కు, సిమెంటు ఇనుము బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన రసీదులు ఒకచోట పెట్టి, రెండు కుటుంబాలకూ బంధువులు కాని ఇద్దరికి అప్పగించమనండి. ఒక తేదీ అనుకుని, సంఘ సమావేశంలో మొత్తం చదివి వినిపించమనండి. రసీదు దొరకని ఖర్చుంటే ‘దీనికి రసీదు లేదు’ అని మీవారే ముందు చెప్పాలి. ఎవరో కనిపెట్టాక చెబితే నిజం కూడా అబద్ధంలా వినిపిస్తుంది. అయితే ఈ పని క్షమాపణతో ముడిపెట్టకూడదు. ‘నేను లెక్కలు చూపిస్తా, నువ్వు ఆ మాట వెనక్కి తీసుకో’ అంటే అది బేరం. క్షమాపణ ముందు అయిపోవాలి, లెక్కలు కనీసం రెండు మూడు వారాలు ఆగి.

ఇక వెళ్ళడం గురించి. మత్తయి 5:23, 24 మనందరికీ కంఠతా వచ్చు గానీ అందులో ఒక సంగతి జారిపోతుంటుంది. ‘నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని’ అక్కడ ఉంది. కోపం ఉన్నది అవతలివాడికి, లేచి వెళ్ళాల్సింది మనం. మొదట ఎవరు వెళ్ళాలన్న తగువు అక్కడితో తీరిపోయింది. మీవారే వెళ్ళాలి, ఒంటరిగా. మీరు వెంట వెళ్తే మీ ఆడపడుచు కూడా వచ్చి కూర్చుంటుంది. నలుగురు కూర్చుంటే పాత పెళ్ళి సంగతులన్నీ లేస్తాయి. ఆదివారం వద్దు, పండగ వద్దు, మందిరంలో అసలు వద్దు. వారం మధ్యలో రాత్రి భోజనాలయ్యాక, వాళ్ళింటికే. ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళమనండి, లేకపోతే ఆ మెసేజీ తీసి ‘నువ్వేమన్నావో చూడు’ అనుకునే దగ్గరికి వస్తుంది. పావుగంట చాలు.

చెప్పాల్సింది కూడా ముందే అనుకుని వెళ్ళడం మంచిది. ఇలా ఉండొచ్చు: ‘బావా, నువ్వు డబ్బు తీసుకున్నావని గ్రూపులో పెట్టాను. అది అబద్ధం. అందరిముందు నీ పరువు తీశాను. తప్పు నాది. నన్ను క్షమించు. గ్రూపులో కూడా చెబుతాను, నువ్వు సరేనంటే.’ ఇంతే. ‘నీకు బాధ కలిగి ఉంటే’ అన్నది రాకూడదు, బాధ కలిగిందని ఊరంతా చూసింది. ‘కానీ’ అన్నది రాకూడదు. ‘నువ్వు కూడా’ అన్నది అసలే రాకూడదు, నిజమైనా సరే. ‘సరదాగా అన్నాను’ అన్నది నోటిదాకా వస్తుంది, దాన్ని మింగాలి. లెక్కల మాట ఆయన ఎత్తితే ‘దానికి వేరే రోజు కూర్చుందాం, అన్నీ చూపిస్తాను’ అని ఆపేయాలి. ఆయన వెంటనే చేయి పట్టుకోకపోవచ్చు. ‘సరేలే’ అని టీవీ వైపు తిరిగిపోవచ్చు. అలాంటప్పుడు జవాబు కోసం కూర్చోకుండా లేచి వచ్చేయాలి. క్షమాపణ అడగడం మనవంతు, ఎప్పుడివ్వాలన్నది ఆయన ఇష్టం.

గ్రూపులో చెప్పడం ఎందుకంటే, అవమానం ఎంతమంది ముందు జరిగిందో దాన్ని సరిదిద్దడం కూడా అంతమంది ముందే జరగాలి. నలుగురిలో తిట్టి నాలుగ్గోడల మధ్య క్షమాపణ అడిగితే ఆ నలుగురి మనసులో తిట్టే మిగిలిపోతుంది. కానీ ఆయన అనుమతి లేకుండా పెట్టకూడదు, మళ్ళీ ఆయన్ని అందరిముందు నిలబెట్టినట్టవుతుంది. రెండు వాక్యాలు, ఒక్క వచనం కూడా జోడించకుండా: ‘జూన్ 4న మా బావగారి గురించి నేను పెట్టింది అబద్ధం. ఆయన్ను క్షమాపణ అడిగాను, మిమ్మల్నీ అడుగుతున్నాను.’ కింద చేతులు జోడించిన బొమ్మలు ఓ యాభై వస్తాయి, దేనికీ జవాబివ్వనక్కర్లేదు.

ఇంత చేసినా తలుపు తెరుచుకోకపోతే మూడో మనిషి కావాలి. ఫిలిప్పీ 4వ అధ్యాయంలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలున్నారు, సువార్త పనిలో పౌలుతో కష్టపడినవాళ్ళు, ఒకరితో ఒకరికి పడటం లేదు. గొడవ దేనిగురించో పౌలు రాయలేదు, ఎవరిది తప్పో చెప్పలేదు. పక్కనున్న ఒకరిని పిలిచి ‘వాళ్ళకు సహాయం చెయ్యి’ అన్నాడు. మీకు కావలసింది అలాంటి మనిషే. రెండు కుటుంబాలకూ చుట్టం కాకూడదు. స్టేటస్‌లో ఏ నాయకుడి ఫొటో పెట్టే అలవాటున్నా పనికిరాడు. పాస్టరుగారు ఇప్పటికే కట్టడి పెట్టారు కాబట్టి ఈసారి ఆయన బయట ఉండి ప్రార్థిస్తే నయం. స్త్రీల కూటం పెద్దమ్మ ఎవరైనా ఉంటే చాలా బాగుంటుంది. బావా బావమరుదులు ఆమె ఎదుట గొంతు పెంచరు.

ఆవిడ చేయాల్సింది తీర్పు చెప్పడం కాదు. ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి, రెండోవారు విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. మాట్లాడినవారు ‘అవును, నేనన్నది అదే’ అనేదాకా రెండోవారికి వంతు రాదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. మొదటి రెండుసార్లు అందరూ అవతలివాళ్ళ మాటను వంకర చేసే చెబుతారు. అడగాల్సింది ‘ఆ పార్టీకి ఎందుకేశావు’ అని కాదు. ‘మన ఊళ్ళో నీకు ఏం జరిగితే అటు మొగ్గావు’ అని. అప్పుడు నాయకుల పేర్లు తగ్గి సొంత సంగతులు బయటికొస్తాయి. అమ్మకు ఆగిపోయిన పింఛను, తమ్ముడికి రాని ఉద్యోగం, పొలం సరిహద్దు దగ్గర ఎవరో అన్న మాట. యాకోబు పత్రిక 1:19లో ‘వినుటకు వేగిరపడువాడును’ అని ఉన్నది ఈ పనికోసమే.

ఒక్కోసారి పార్టీ గొడవ అడుగున కులం గొడవ ఉంటుంది. మీది అలాంటిదో కాదో మీ ఉత్తరంలో లేదు. కానీ 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ఇది తెలుగు సంఘాల్లో గట్టిగా తగిలే విషయం. ఒక కుటుంబానికి అది ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన న్యాయం, పక్క కుటుంబానికి తమ ఐక్యతను కోసిన కత్తి. అక్కడ ‘క్రీస్తులో అందరం ఒకటే కదా’ అని పాట అందుకోవడం క్రూరత్వం. ముందు ఎవరి బాధ వాళ్ళని చెప్పుకోనివ్వాలి. సమాధానం పేరుతో నోరు నొక్కేస్తే ఎప్పుడూ బలహీనుడి నోరే మూతపడుతుంది.

ఇప్పుడు బల్ల సంగతి. అన్నయ్యగారు మానేయడం చూసి ‘అయోగ్యముగా తినకూడదని ఆగాడులే’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1 కొరింథీ 11వ అధ్యాయంలో గొడవ ఏమిటంటే, కలిగినవాళ్ళు ముందొచ్చి తిని తాగేసేవాళ్ళు, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవాళ్ళు. దానికి పౌలు చెప్పిన మందు బల్ల మానేయమని కాదు. ‘తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి’ తినమన్నాడు, 33వ వచనంలో ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నాడు. మీవారు సంఘ పెద్ద హోదాలో రొట్టె పళ్ళెం పట్టుకునేవారైతే, బావ దగ్గరికి వెళ్ళొచ్చేదాకా ఆ పళ్ళెం ఇంకొకరికి ఇచ్చి బెంచీలో కూర్చోవాలి. ‘అర్పణము విడిచిపెట్టి మొదట వెళ్లి’ అన్నది చేసి చూపించడం అంటే అదే. అన్నయ్యగారు తిరిగి వచ్చిన మొదటి ఆదివారం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టే ఉత్సాహం ఎవరికీ వద్దు. చిన్న గిన్నెల పళ్ళెం బెంచీ వెంట చేతులు మారుతూ వెళ్తుంది కదా, అది ఒకరోజు ఆయన చేతిలోంచి ఈయన చేతిలోకి దానంతటదే వస్తుంది.

బల్ల వేరు చేయడం ఎంత దూరం పోతుందో చరిత్రలో ఉంది. దక్షిణాఫ్రికా కేప్‌లో డచ్ రిఫార్మ్డ్ సంఘం 1857 సినడ్‌లో (సంఘ మహాసభలో), అందరూ కలిసే ఆరాధించడం వాక్యానుసారమని ఒప్పుకుంటూనే, ‘కొందరి బలహీనతను బట్టి’ తెల్లవారు కాని విశ్వాసులకు వేరే చోట ఆరాధన పెట్టుకోవచ్చని తీర్మానించింది. తాత్కాలికమైన సర్దుబాటు అనుకున్నారు. 1881కి అది వేరే సంఘమే అయింది. తరవాతి శతాబ్దంలో దేశం మొత్తాన్ని చీల్చిన చట్టాలకు ఆ విడి బల్లలే దైవశాస్త్రపు అండ అయ్యాయి. అలా వేరు చేయబడ్డ సంఘమే 1982లో బెల్హార్ విశ్వాస ప్రమాణాన్ని రాసి 1986లో అంగీకరించింది. అందులో ఐక్యత, సమాధానం, న్యాయం మూడూ కలిపే ఉన్నాయి. మీ పిల్లల క్వయర్ రెండవడాన్ని ‘పిల్లలే కదా’ అని వదిలేయొద్దన్నది ఇందుకే.

రెండోది మీ ఊరి సంగతే. 1947 సెప్టెంబరు 27న చెన్నై సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసి ఉన్న ప్రెస్బిటీరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ ఒకటయ్యారు. మాటలు మొదలైంది 1919లో తరంగంబాడిలో. 28 ఏళ్ళు పట్టింది. ఎక్కడ చిక్కు పడిందంటే, పాదిరిని నియమించే అభిషేకం ఎవరి చేత జరిగితే చెల్లుతుందన్న దగ్గర. అది పూర్తిగా తేలేదాకా ఆగలేదు వాళ్ళు. 30 ఏళ్ళ గడువు పెట్టుకున్నారు, ఈలోగా ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధంగా పాదిరిని రుద్దబోమని మాటిచ్చుకున్నారు, కలిశారు. ఆ ప్రయత్నానికి ముందు నిలిచినవారిలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. తిరునల్వేలి తమిళుడు, తెలుగువాళ్ళ మధ్య బతికాడు. ఆయన డయాసిస్‌లో (బిషప్ పరిధిలోని సంఘాల్లో) చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఆ ఐక్యతను చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశాడు. మీ ఇంటి గొడవకు ఇందులోంచి పనికొచ్చేది గడువూ, బలవంతం చేయబోమన్న మాటా. బావా బావమరుదులు ఈ క్రిస్మస్‌కల్లా కౌగిలించుకోవాలని ఎవరూ తేదీ పెట్టొద్దు.

సంఘం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, పాస్టరుగారితో నెమ్మదిగా చెప్పి చూడండి. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు మార్చి, ప్రార్థన మనవులకు వేరే గ్రూపు పెట్టొచ్చు. పైన రెండు బాణాల గుర్తుతో వచ్చే మెసేజీ అప్పటికే కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. దాన్ని ఎవరు పంపినా, నిజమని తేలేదాకా ‘అబద్ధసాక్ష్యము పలుకకూడదు’ అన్న ఆజ్ఞ కిందే లెక్కపెట్టాలి. అభ్యర్థుల మనుషులను ఆరాధన తరవాత మైకు దగ్గరికి పిలిచే అలవాటుంటే అది మానాలి. ఆరాధన స్థలాన్ని రాజకీయ పనికి వాడనివ్వడం 1988 నాటి చట్టం ప్రకారం నేరం, ఐదేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా ఉన్నాయి.

‘రాజకీయాలు మాట్లాడొద్దు’ అన్నదానికి బదులు, అధికారుల కోసం ప్రార్థన ప్రతి ఆదివారం పెట్టమనండి. 1 తిమోతి 2:1, 2 ఎలాగూ ఉంది. అయితే ఇక్కడ ఒక గుంట ఉంది. ‘ప్రభువా, ఈ దుర్మార్గుల పాలన కూల్చు’ అని ఒకరు, ‘నీ సేవకుణ్ణి సింహాసనం మీద నిలబెట్టు’ అని ఇంకొకరు మొదలుపెడితే ప్రార్థన కాస్తా ప్రచారమైపోతుంది. పదవి పేరుతో చేయాలి, మనిషి పేరుతో కాదు. రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ, మన వార్డు కౌన్సిలరుకూ, కార్పొరేషన్ పనివాళ్ళకూ. ఓటు ఊళ్ళో ఉన్నా మీరు నీళ్ళు తాగేది చెన్నైలో. బబులోను చెరలోకి వెళ్ళినవాళ్ళకు యిర్మీయా ప్రవక్త రాసిన మాట గుర్తుంది కదా, ఆ పట్టణం క్షేమం కోరండి, ‘దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును’ అని.

ఇక మీరు. మీవారికీ బావగారికీ మధ్య మాటలు మోసే పని పెట్టుకోకండి. ఇటు మాట అటు చేరేసరికి అది మీ మాట అయిపోతుంది. ‘దేవుడు కొందరి మనసులు మార్చాలి’ అని కూటంలో పైకి ప్రార్థించకండి, ఆ కొందరెవరో అందరికీ తెలుసు. ఒకవేళ వాళ్ళిద్దరూ కలిస్తే సాక్ష్యం చెప్పమని స్టేజీ ఎక్కించేవాళ్ళు బయలుదేరతారు, కనీసం ఏడాది అడ్డుపడండి. మీ ఆడపడుచుతో మాత్రం రాకపోకలు ఇవాళే మొదలుపెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఇద్దరి మధ్య తప్పేమీ జరగలేదు, మొగుళ్ళ మౌనాన్ని మీరిద్దరూ మోస్తున్నారంతే. ఆమెను వంటింట్లోకి పిలవండి, ఎన్నికల మాట ఎత్తొద్దు, పిల్లల క్వయర్‌కు ఏ పాట నేర్పాలో అడగండి. రెండు ముక్కలైన పిల్లలు శనివారం సాయంత్రం మీ ఇంట్లో ఒకే హార్మోనియం చుట్టూ కూర్చుంటే, వాళ్ళను తీసుకెళ్ళడానికి అన్నయ్యగారు మీ గుమ్మం దాకా రావాల్సే ఉంటుంది. వచ్చినప్పుడు మీవారు ఇంట్లో ఉండేలా చూసుకోండి, కాఫీ మాత్రం మీరే తీసుకెళ్ళి ఇవ్వండి.